నానక్‌రాంగూడలో ఆఫీసు, ఉప్పల్‌లో స్కూలు: ఇల్లు ఎక్కడ తీసుకోవాలి?

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. విజయవాడ నుంచి హైదరాబాద్‌కి మారుతున్నారు. మీ ఆఫీసు సిటీకి పడమటి వైపు నానక్‌రాంగూడలో, వారానికి మూడు రోజులు వెళ్ళక తప్పదు. మీ ఆవిడకి తూర్పు వైపు ఉప్పల్‌లో టీచర్ ఉద్యోగం దొరికింది, బాబుని కూడా అదే స్కూల్లో నాలుగో తరగతిలో చేరుస్తారు. బంధువులు ఇద్దరికీ మధ్యలో ఉంటుంది, బేగంపేట దగ్గర చూసుకోమంటున్నారు. మీకేమో మణికొండ మీద మనసుంది. ఉప్పల్ నుంచి నానక్‌రాంగూడకి మ్యాప్స్‌లో చూస్తే గంట చూపించింది, గంటే కదా, కారులో రోజూ వెళ్ళిరాగలమా అని అడిగారు.

ఐటీ కారిడార్‌లో ఒక కంపెనీ ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌లో నేను చాలా ఏళ్ళు పనిచేశాను. ఏ క్యాబ్ ఎవరిని ఎన్నింటికి ఎక్కించుకోవాలి, ఏ దారిన రావాలి, లాగిన్ టైముకి ఎందుకు చేరలేదు, దానికి మేనేజర్లకి ఏం సమాధానం చెప్పాలి, ఇదే నా ఉద్యోగం. ఆ అనుభవంతో చెప్తున్నాను. ఇల్లు ఉప్పల్ వైపే తీసుకోండి, మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దగ్గరలో. దూరం మీరు ప్రయాణం చేయండి, మీ ఆవిడా బాబూ కాదు. కారు రోజువారీ లెక్కలోంచి తీసేయండి.

వినడానికి తలకిందులుగా ఉంది కదా. ఎందుకో చెప్తాను.

రూట్ వేసేటప్పుడు మేం సగటు టైము చూసేవాళ్ళం కాదు. పది ట్రిప్పుల్లో తొమ్మిది టైముకి చేరాలంటే ఇంటి దగ్గర ఎన్నింటికి బయల్దేరాలి, అది చూసేవాళ్ళం. ఒక దారి రోజూ డెబ్బై నిమిషాలు పడుతుంది. ఇంకో దారి ఒకరోజు నలభై ఐదు, ఒకరోజు గంటా నలభై. సగటు తీస్తే రెండూ దాదాపు ఒకటే. కానీ రెండో దారిలో వెళ్ళేవాడు తొమ్మిదింటికి మీటింగ్ ఉంటే గంటా నలభై ముందే బయల్దేరాలి, లేదా లేటవుతానేమో అన్న టెన్షన్‌తో స్టీరింగ్ పట్టుకోవాలి. హైదరాబాద్‌లో మనిషిని పీల్చేసేది దూరం కాదు, ఇవాళ ఎంతసేపు పడుతుందో తెలియకపోవడం. కాబట్టి ఇల్లు చూసేటప్పుడు ట్రాఫిక్ తక్కువున్న రోజు లెక్క వేయకండి. వాన పడిన బుధవారం సాయంత్రం ఎలా ఉంటుందో లెక్క వేయండి.

మీకు గంట చూపించిన ఆ మ్యాప్స్ ఏ టైములో చూశారు? ఆదివారం మధ్యాహ్నం అయితే దాన్ని మరిచిపోండి. దాంట్లో "ఇన్నింటికి చేరాలి" అని టైము పెట్టుకునే సదుపాయం ఉంది. మంగళవారానికో బుధవారానికో ఉదయం తొమ్మిదిన్నర పెట్టి చూడండి. ఒక అంకె కాదు, ఇంత నుంచి ఇంత అని రెండు అంకెలు చూపిస్తుంది. రెండోదే మీది. వారానికి మూడు రోజుల ఆఫీసులు వచ్చాక అందరూ మంగళ, బుధ, గురువారాలే ఎంచుకుంటున్నారు. మీ మేనేజర్ ఒప్పుకుంటే మీ ఆఫీసు రోజుల్లో సోమ, శుక్రవారాలు ఉండేలా చూసుకోండి. ఉదయం తేడా బాగా తెలుస్తుంది. శుక్రవారం సాయంత్రం మాత్రం ఊళ్ళకి వెళ్ళేవాళ్ళతో కలిసిపోతారు, అది వేరే కథ.

ఇక మధ్యలో ఇల్లు. పెద్దవాళ్ళు న్యాయంగా ఆలోచించి చెప్పే మాటే, కానీ ట్రాఫిక్‌కి న్యాయం తెలియదు. మధ్యలో ఉంటే ఇద్దరూ రద్దీలోనే పడతారు, వెనకాల పిల్లాడు కూడా. అసలు చూడాల్సింది ఎవరి టైము కదలదు అన్నది. టీచర్ ఎనిమిదింటికల్లా స్కూల్లో ఉండాలి, వారానికి ఐదారు రోజులు, పది నిమిషాలు లేటైతే క్లాసులో నలభై మంది పిల్లలు ఖాళీగా ఉంటారు. మీకు వారానికి మూడే రోజులు, అందులోనూ ఒక గంట అటూ ఇటూ జరిపే వీలుంది. కదలని టైమున్న మనిషి పనికి దగ్గరగా ఉండాలి, కదిలే టైమున్న మనిషి ప్రయాణం చేయాలి. మీ ఇంట్లో ఒకే పక్క ఇద్దరున్నారు, ఇంకో పక్క మీరొక్కరే. తక్కెడ ఎటు మొగ్గుతుందో నేను చెప్పనక్కర్లేదు.

మణికొండ సంగతి. కిలోమీటర్లలో మీ ఆఫీసుకి దగ్గరే. కానీ అక్కడి సందుల్లోంచి బయటపడి ఖాజాగూడ జంక్షన్ దగ్గర తేలాలి, ఆ చుట్టుపక్కల అపార్టుమెంట్ల వాళ్ళంతా అదే టైముకి అక్కడికే చేరతారు. దగ్గర అన్నది కిలోమీటర్లతో కొలవకండి, మీకూ ఆఫీసుకీ మధ్య ఎన్ని పెద్ద జంక్షన్లున్నాయో, ఒకటి మూసుకుపోతే ఇంకో దారి ఉందో లేదో దాంతో కొలవండి. అటు నల్లగండ్ల, తెల్లాపూర్ చూపించే బ్రోకర్లూ ఉంటారు. ఇళ్ళు బాగుంటాయి, కాదనను. కానీ లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి గట్టి వాన పడితే నీళ్ళతో నిండుతుంది, ఆ రోజు అటువైపు మొత్తం చుట్టూ తిరగాల్సిందే. పైగా అక్కడి నుంచి మీ ఆవిడ ఉప్పల్‌కి రోజూ వెళ్ళడం అంటే, ఆ మాట ఇంట్లో ఎత్తకపోవడమే మంచిది.

బ్రోకర్లు ఇంకోటి కూడా చెప్తారు, కొత్త ఫ్లైఓవర్ వచ్చింది సార్, పది నిమిషాలే అని. ఫ్లైఓవర్లు వచ్చిన మాట నిజం. దుర్గం చెరువు మీద తీగల వంతెన 2020లో, షేక్‌పేట ఫ్లైఓవర్ 2022 జనవరిలో, కొండాపూర్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు వైపు వెళ్ళే పీజేఆర్ ఫ్లైఓవర్ 2025 జూన్‌లో తెరిచారు. వాటివల్ల ఆయా జంక్షన్లలో సిగ్నల్ బాధ తప్పింది. అయితే పైనుంచి గబగబా వచ్చిన బండ్లన్నీ కిందికి దిగే చోట మళ్ళీ ఒక వరుసలో నిలబడాలి. జామ్ పోలేదు, ఒక జంక్షన్ ముందుకి జరిగింది. ఫ్లైఓవర్ ఎక్కడ మొదలవుతుందో కాదు, ఎక్కడ దిగుతుందో చూసి అక్కడ సాయంత్రం ఆరున్నరకి ఒకసారి నిలబడి చూడండి.

సరే, ఉప్పల్ అంటే ఉప్పల్‌లో ఎక్కడ? ఇది ముఖ్యం. ఉప్పల్ రింగ్‌రోడ్డు కూడలికి సిటీ వైపు చూడండి: హబ్సిగూడ, ఎన్‌జీఆర్‌ఐ, స్టేడియం స్టేషన్ల చుట్టుపక్కల, లేదా రింగ్‌రోడ్డు దాటనక్కర్లేకుండా నాగోల్ స్టేషన్‌కి నడవగలిగే కాలనీలు. బోడుప్పల్, పీర్జాదిగూడ వైపు అద్దెలు తక్కువ, గదులు పెద్దవి. కానీ అటు నారపల్లి దాకా వేస్తున్న ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ళ తరబడి సాగుతూ ఆ రోడ్డుని నలిపేశాయి. అటు ఉంటే స్టేషన్‌కి చేరడానికే రోజూ రింగ్‌రోడ్డు దగ్గర యుద్ధం చేయాలి. అద్దెలో మిగిలే మూడు నాలుగు వేలకి ఆ యుద్ధం కొనుక్కోకండి. రింగ్‌రోడ్డు చుట్టూ 2023లో కట్టిన స్కైవాక్ ఉంది, నడిచి దాటేవాళ్ళకి అది నిజంగా ఉపకారం.

మెట్రోలో మీ దారి నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్ళే బ్లూ లైన్. మధ్యలో రైలు మారే పని లేదు, ఇది మీ అదృష్టం. ఎల్బీనగర్ వైపు నుంచి వచ్చేవాళ్ళు అమీర్‌పేటలో దిగి, మెట్లెక్కి, ఇంకో ప్లాట్‌ఫామ్ మీద జనంలో కలవాలి. మీరు కూర్చున్నచోటు నుంచి కదలక్కర్లేదు. ఇంకో మేలుంది. నాగోల్ మొదటి స్టేషన్, రాయదుర్గం చివరిది. అంటే ఉదయం నాగోల్‌లో ఎక్కితే సీటు దొరుకుతుంది, సాయంత్రం రాయదుర్గంలో ఎక్కినా దొరుకుతుంది. రైలుకి మూడే బోగీలు, సికింద్రాబాద్ ఈస్ట్, పరేడ్ గ్రౌండ్ దాటేసరికి నిలబడడానికి చోటుండదు, కాబట్టి ఈ సీటు చిన్న విషయం కాదు. హబ్సిగూడలో ఇల్లు దొరికితే ఉదయం సీటు గ్యారంటీ లేదు, నాగోల్, ఉప్పల్ అయితే ఆశ ఎక్కువ. రెండిళ్ళు సమానంగా నచ్చితే ఈ ఒక్క కారణం మీద నాగోల్ వైపు మొగ్గండి. రైలు ప్రయాణం మొత్తం గంట లోపే, వాన పడినా ఎండ కాసినా అంతే. ఆ "అంతే" కోసమే ఇంత చెప్తున్నాను.

డబ్బు లెక్క కూడా చూసుకోండి. 2025 మేలో సవరించాక మెట్రో గరిష్ఠ ఛార్జీ 69 రూపాయలైంది. కారులో అదే దారి ముప్పై కిలోమీటర్లు దాటుతుంది, ఆగి ఆగి నడిచే రోడ్డులో లీటరుకి పది, పదకొండు వస్తే ఎక్కువ, పెట్రోలు వంద దాటి చాలా కాలమైంది. ఒకవైపుకే మూడొందలు. స్టేషన్ దాకా బండి మీద వెళ్ళేలా ఉంటే పార్కింగ్ ఫీజు కూడా కలుపుకోండి, అందుకే నడిచే దూరం అన్నాను.

ఇప్పుడు అసలు కష్టం. మెట్రో రాయదుర్గంలో ఆగిపోతుంది, మీ ఆఫీసు అక్కడికి ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లు. మొదటి గంటలో మిగుల్చుకున్న నిశ్చింత అంతా ఈ కాసేపట్లో పోగొట్టుకునేవాళ్ళని చాలామందిని చూశాను. ఐకియా కూడలి, బయోడైవర్సిటీ, గచ్చిబౌలి, అక్కడి నుంచి విప్రో సర్కిల్ వైపు, ఇది తొమ్మిదింటి తర్వాత ఎలా ఉంటుందో చెప్పలేం. ఎనిమిదిన్నరకి రాయదుర్గంలో దిగితే సాఫీగా వెళ్ళిపోతారు. తొమ్మిదిన్నరకి దిగితే ఒకోసారి రైల్లో కూర్చున్నంతసేపు ఈ ముక్కకే పడుతుంది.

కాబట్టి ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు హెచ్‌ఆర్‌ని జీతం తర్వాత అడగాల్సిన ప్రశ్న: రాయదుర్గం మెట్రో నుంచి కంపెనీ షటిల్ ఉందా, ఎన్నింటికి, ఎంతసేపటికొకటి? చాలా పెద్ద క్యాంపస్‌లకి ఉంటుంది, కొత్తవాళ్ళకి ఎవరూ చెప్పరు. మీ కంపెనీకి లేకపోయినా అదే భవనంలో ఉన్న ఇంకో కంపెనీకి ఉండొచ్చు, భవనం యాజమాన్యమే నడిపేవీ ఉంటాయి. ఏదీ లేకపోతే ఆర్టీసీ బస్సు, షేర్ ఆటో, బైక్ టాక్సీ. ఒక్కరే, వీపున ఒక్క బ్యాగు, బైక్ టాక్సీ ఈ ముక్కకి సరిగ్గా సరిపోతుంది. హెల్మెట్ మాత్రం సొంతది పెట్టుకోండి, వాళ్ళిచ్చేది తల మీద నిలవదు. స్టేషన్ గేటు ముందే బుక్ చేయకండి, అక్కడ అందరూ అదే చేస్తుంటారు. వంద గజాలు ముందుకి నడిచి, బండి తిరగనక్కర్లేని వైపు నిలబడి బుక్ చేయండి. మా క్యాబ్‌లకి కూడా ఎక్కువ టైము తినేది దూరం కాదు, యూటర్న్.

టైములు ఇలా పెట్టుకోండి. ఏడున్నరకల్లా రైల్లో ఉండాలి. మీ ఆవిడా బాబూ ఎలాగూ అదే టైముకి బయటపడతారు, ఇంటికి తాళం వేసి ముగ్గురూ ఒకేసారి దిగొచ్చు. తొమ్మిదికి ముందే సీట్లో ఉంటారు. సాయంత్రం నాలుగున్నరకి లేచి మిగిలిన కాల్స్ ఇంటికెళ్ళాక చూసుకోవడం ఒక పద్ధతి. అలా కుదరకపోతే ఐదున్నరకి మాత్రం బయటికి రాకండి, ఎనిమిది దాకా ఉండిపోండి. మధ్యలో బయటపడినవాడు అందరితో కలిసి నిలబడి, దాదాపు ఎనిమిదింటికి బయటపడినవాడితో పాటే ఇల్లు చేరతాడు.

బయల్దేరే టైము కాస్త జరిపితే అంత తేడా ఎందుకు వస్తుందని మీకు అనుమానం రావచ్చు. సంక్రాంతి వారం హైదరాబాద్ రోడ్లు చూశారా? మీరు అటువైపు నుంచి చూసే ఉంటారు, విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర క్యూలో. ఊరెళ్ళినవాళ్ళు వెళ్ళినా సిటీలో ఇంకా బోలెడు మంది ఉంటారు. అయినా రోడ్లు ఖాళీ. రోడ్డు దాని శక్తికి అంచు దాకా నిండినప్పుడు ఇంకొన్ని బండ్లు చేరితే జంక్షన్ పొంగి వెనక జంక్షన్‌ని మూసేస్తుంది, అది దాని వెనక దాన్ని. ఆ కొన్ని బండ్లు రాకముందే మీరు దాటిపోతే చాలు. దసరా సెలవుల్లో స్కూలు బస్సులు లేకపోతేనే తొమ్మిదింటి రోడ్డు ఎంత తేలికపడుతుందో మీరే గమనిస్తారు.

వాన. దీనికి ఒకటే నియమం: వాన మొదలవగానే లేవకండి. అందరూ అప్పుడే లేస్తారు, క్యాబ్ యాప్‌లో రేటు రెట్టింపవుతుంది, బయోడైవర్సిటీ దగ్గరా శిల్పారామం దగ్గరా నీళ్ళు నిలుస్తాయి. ఆ టైములో ఫోన్ చూపించే నిమిషాలు అప్పటి పరిస్థితివి, మీరు సగం దారి వెళ్ళేసరికి ఉండబోయేది కాదు. 2023 జూలై వానలప్పుడు సైబరాబాద్ పోలీసులే ఐటీ కంపెనీలకి దశలవారీగా లాగౌట్ చేయించమని చెప్పాల్సి వచ్చింది. అలాంటి కబురు వస్తే, మీ కంపెనీ వంతు మొదటి దశలో ఉంటే వెంటనే లేవండి, లేకపోతే క్యాంటీన్‌లో ఏదైనా తిని తొమ్మిదింటి దాకా కూర్చోండి. రాయదుర్గం దాకా చేరితే చాలు, ఆ తర్వాత మీకు వానతో పని లేదు. మరీ అవసరమైతే ఆఫీసు నుంచి కొంత దూరం నడిచి జామ్ దాటాక బండి ఎక్కండి. బ్యాగులో గొడుగు కంటే రెయిన్‌కోటు, ఒక జత చెప్పులు పనికొస్తాయి.

కంపెనీ క్యాబ్ ఇస్తామంటే? ఇంటి ముందు దించుతారు కాబట్టి బాగుంటుందనిపిస్తుంది. కానీ ఉప్పల్ నుంచి వచ్చే క్యాబ్‌లో మీరే ఫస్ట్ పికప్ అవుతారు, దారిలో ఇంకో ముగ్గురిని ఎక్కించుకుంటూ రావాలి, ఆ ముగ్గురిలో ఒకరు ఎప్పుడూ ఐదు నిమిషాలు అంటూ పదిహేను చేస్తారు. డెస్క్‌లో మాకు అందరికంటే ఎక్కువ ఫిర్యాదులు ఫస్ట్ పికప్ వాళ్ళ నుంచే వచ్చేవి, వాళ్ళ తప్పేం లేదు. క్యాబ్ తీసుకోవాల్సి వస్తే ఇంటి పికప్ కాకుండా నోడల్ పాయింట్ అడగండి, అందరూ ఒకేచోట ఎక్కుతారు. రాత్రి షిఫ్టు పడితే మాత్రం మొహమాటం లేకుండా క్యాబే వాడండి, రాత్రి పదకొండు దాటాక రోడ్డు ఖాళీ, మెట్రో ఉండదు.

కారు అసలొద్దా అంటే, ఉంచుకోండి. కొన్ని రోజులు తప్పదు. ఆ రోజుల్లో సిటీ మధ్యలోంచి వెళ్ళకుండా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కడం గురించి ఆలోచించండి. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద మీ వైపు నుంచి తిరిగి వెళ్తే దూరం దాదాపు రెట్టింపు, టోల్ కూడా ఉంది, కానీ ఎన్నింటికి చేరతారో ముందే చెప్పగలరు. నానక్‌రాంగూడ దగ్గర దిగేచోట మాత్రం ఉదయం క్యూ ఉంటుంది. బైక్‌లకి ఔటర్ మీద అనుమతి లేదు, సర్వీస్ రోడ్డులోనే వెళ్ళాలి. రోజూ ముప్పై కిలోమీటర్లు బైక్ మీద వెళ్ళే ఆలోచన ఉంటే మానుకోండి, నడుము, ఊపిరితిత్తులు రెండూ మీవే.

జామ్‌లో కారు నడపడం గురించి ఒక్క మాట. 2008లో జపాన్ పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. 230 మీటర్ల గుండ్రటి ట్రాక్ మీద 22 కార్లని ఒకే వేగంతో నడపమన్నారు. సిగ్నల్ లేదు, గుంత లేదు, అడ్డొచ్చిన ఆటో లేదు. కాసేపటికి జామ్ దానంతటదే పుట్టి వెనక్కి పాకడం మొదలుపెట్టింది. ఒకరు కొంచెం బ్రేకేస్తే వెనకవాడు ఇంకొంచెం ఎక్కువ వేస్తాడు, అదే కారణం. ముందు బండికి అతుక్కుని వెళ్ళకుండా కాస్త ఖాళీ ఉంచి నెమ్మదిగా సాగితే మీ కాలికీ క్లచ్‌కీ విశ్రాంతి. ఆ ఖాళీలోకి ఎవడో దూరతాడు, హైదరాబాద్‌లో తప్పకుండా దూరతాడు. దూరనివ్వండి, మీకు పోయేది ఒక కారు పొడవు. ఏసీ కూడా గంటసేపు లోపలి గాలినే తిప్పేలా ఉంచకండి, మత్తుగా నిద్ర వస్తుంది, అప్పుడప్పుడు బయటి గాలి రానివ్వండి.

దారిలో బాత్రూమ్ దొరకదని రోజంతా నీళ్ళు తాగకుండా ఉండే ఉద్యోగుల్ని, ముఖ్యంగా ఆడవాళ్ళని, బోలెడంత మందిని చూశాను. అది చివరికి డాక్టర్ దగ్గరికే తీసుకెళ్తుంది. మెట్రోలో ఆ బాధ తక్కువ, స్టేషన్లలో టాయిలెట్లు ఉన్నాయి, ఏ స్టేషన్‌లో ఏ వైపు ఉందో మొదటి వారంలోనే చూసి పెట్టుకోండి.

అడ్వాన్స్ ఇచ్చేముందు ఒక పని చేయండి. మీరు అనుకున్న ఇంటి గేటు దగ్గర నుంచి ఒక బుధవారం ఉదయం నిజంగా బయల్దేరి ఆఫీసు గేటు దాకా వెళ్ళండి, సాయంత్రం అలాగే తిరిగి రండి. ఆదివారం ఇల్లు చూసి ఆదివారమే అడ్వాన్స్ ఇచ్చేవాళ్ళే ఎక్కువ, అందుకే చెప్తున్నాను. మీ ఆవిడని కూడా ఇంటి నుంచి స్కూలుకి ఆ టైములో ఒకసారి వెళ్ళి చూడమనండి. ఉప్పల్ లోపలే అయినా రింగ్‌రోడ్డుకి ఇవతలా అవతలా అన్నదాన్ని బట్టి చాలా తేడా ఉంటుంది.

రాయదుర్గం నుంచి కోకాపేట వైపు మెట్రో పొడిగిస్తారట కదా, అప్పటికి ఇబ్బంది ఉండదు కదా అని మీరు చివర్లో రాశారు. రెండో దశ ప్రతిపాదనల్లో ఆ లైన్ ఉంది. కానీ ప్రతిపాదనని నమ్ముకుని ఇల్లు తీసుకోకండి, కొనేటప్పుడైతే అసలే వద్దు. అద్దె ఒప్పందం ఎలాగూ పదకొండు నెలలకే రాస్తారు, పట్టాలు పడ్డాక మారొచ్చు. స్కూలు, ఆఫీసు జాయినింగ్ తేదీలు ఖాయమయ్యాక మీ కంపెనీ షటిల్ టైములు ఇక్కడ రాయండి, దాన్నిబట్టి నాగోల్‌లో ఏ రైలు పట్టుకోవాలో లెక్క వేసి చెప్తాను.